ఎండలు ముదరకముందే బయోపెల్లెట్ రియాక్టర్ సంగతి చూసుకోండి

ఉగాది దాటాక రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, కొత్తగా బయోపెల్లెట్లు మొదలుపెట్టకండి. ఇప్పటికే రియాక్టర్, అంటే ఆ పెల్లెట్లు పొర్లే గొట్టం, నడుస్తుంటే దాన్ని ఆపక్కర్లేదు కానీ, అద్దం మీద పచ్చగా నాచు కనబడిందని ఇంకో గుప్పెడు పెల్లెట్లు వేయొద్దు. హైదరాబాద్‌లో ఈ పనికి మంచి రోజులు దసరా తర్వాత వస్తాయి.

పెల్లెట్లు చూడటానికి సగ్గుబియ్యంలా ఉంటాయి. నిజానికి అవి బ్యాక్టీరియా తినగలిగే ఒక రకం ప్లాస్టిక్. బ్యాక్టీరియా వాటి మీద జిగురులా పట్టుకుని కార్బన్ తింటూ, నీళ్లలోని నైట్రేట్‌నీ ఫాస్ఫేట్‌నీ లాక్కుని పెరుగుతుంది. పెల్లెట్లు ఒకదానికొకటి రాసుకున్నప్పుడు ఆ జిగురు ఊడి నీళ్లలో కలుస్తుంది. దాన్ని స్కిమ్మర్ (నీళ్లలోకి గాలి బుడగలు కొట్టే పరికరం) నురగలో పట్టి బయట పారేస్తుంది. ఇలా నాచుకు తిండి లేకుండా పోతుంది. పద్ధతి మంచిదే, నేనూ వాడుతున్నాను. కాకపోతే ఇంత బ్యాక్టీరియా ఊపిరి పీల్చాలంటే ఆక్సిజన్ కావాలి. వేసవిలో మనకు కరువయ్యేది సరిగ్గా అదే.

కిలోకు 35 గ్రాముల ఉప్పు ఉన్న సముద్రపు నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. 30 డిగ్రీలకు వస్తే అది 6.2కు దిగుతుంది. మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి గాలి పీడనం తక్కువై ఇంకో ఐదారు శాతం కోత పడుతుంది. విశాఖలో ట్యాంకు పెట్టుకున్నవాళ్లకు ఈ బాధ లేదు. పైగా వేడెక్కేకొద్దీ చేపలకూ బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఉన్నది తగ్గుతుంటే అడిగేవాళ్లు ఎక్కువవుతారన్నమాట.

ఇక అసలు ప్రమాదం కరెంటుతో. రెండేళ్ల కిందట మే నెలలో ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. మల్కాజ్‌గిరిలో మా వీధిలో చెట్టుకొమ్మ విరిగి తీగల మీద పడింది. నాలుగున్నరకు పోయిన కరెంటు రాత్రి తొమ్మిది దాటాక వచ్చింది. ఆ తర్వాత నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ వంటింట్లో ఫ్రిజ్ తెరిచి నిలబడి ఉంది. "ఏందిరా ఈ వాసన? గుడ్లు మురిగినయేమో అని అన్నీ తీసి చూసిన, మంచిగనే ఉన్నయి" అంది. వాసన ఫ్రిజ్‌లోంచి కాదు, హాల్లో ట్యాంకు కింది అరలోంచి వస్తోంది. టాంగ్ చేప పక్కకు వాలి, నీటి మీదికి వచ్చి నోరు తెరుస్తోంది. తెల్లారేసరికి అదీ, రెండు క్రోమిస్ చేపలూ పోయాయి. క్లౌన్ చేపల జత మాత్రం ఎలాగో బతికింది.

జరిగింది ఇది. రియాక్టర్ అంటే మూత బిగించిన గొట్టం. పంపు ఆగగానే లోపలి కాసిన్ని నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ను ఆ బ్యాక్టీరియా తొందరగానే తాగేస్తుంది. అది అయిపోయాక సల్ఫేట్‌తో బతికే రకం బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. సముద్రపు నీళ్లలో సల్ఫేట్‌కు కొదవ లేదు, లీటరుకు దాదాపు 2.7 గ్రాములు ఉంటుంది. వాటి చేతిలో అది హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. మురిగిన గుడ్ల వాసన దానిదే, చేపలకు అది విషం. గొట్టంలో ఉన్నంతసేపు దాంతో ట్యాంకుకు ఇబ్బంది లేదు. కరెంటు వచ్చి పంపు దానంతట అదే తిరిగిన క్షణాన ఆ నీళ్లన్నీ సంప్‌లోకి (ట్యాంకు కింది అరలో ఉండే చిన్న తొట్టి), అక్కడి నుంచి ట్యాంకులోకి వెళ్తాయి. మా ట్యాంకును దెబ్బతీసింది కరెంటు పోవడం కన్నా కరెంటు రావడమే.

అందుకని రియాక్టర్ పంపు కరెంటు రాగానే తనంతట తాను తిరగకూడదు. ఇదొక్కటి చేసినా చాలు, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. స్మార్ట్ ప్లగ్ వాడుతుంటే, కరెంటు తిరిగొచ్చాక ఆఫ్‌లోనే ఉండేట్టు దాని సెట్టింగ్ మార్చండి. అన్నింటిలో ఆ సదుపాయం ఉండదు, కొనేముందు అడగండి. పంపు ఆగి అరగంట దాటకపోతే నేను మామూలుగానే వేస్తాను. గంట దాటిందంటే మాత్రం రెండు వైపులా వాల్వులు మూసి, రియాక్టర్ విప్పి, ఆ నీళ్లు బకెట్‌లోకి వంచి పారబోస్తాను. ట్యాంకు నీళ్లతో పెల్లెట్లను రెండుసార్లు కడిగి మళ్లీ బిగిస్తాను. కుళాయి నీళ్లతో కడగొద్దు, క్లోరిన్ తగిలితే మీరు నెలల తరబడి పెంచిన బ్యాక్టీరియా పోతుంది. విప్పేటప్పుడు కిటికీలు తీసిపెట్టుకోండి. వాసన చూద్దామని ముఖం గొట్టంలో పెట్టకండి.

ఇన్వర్టర్ ఉంటే ముందు ట్యాంకులో నీళ్లు కదిలించే పంపుకు, తర్వాత సంప్ నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపుకు, స్కిమ్మర్‌కు. రియాక్టర్‌ది చివరి వంతు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

రియాక్టర్‌లోంచి బయటికొచ్చే పైపు మూతి స్కిమ్మర్ పంపు పక్కనే ఉండాలి. సంప్‌లో మరో మూలకు వదిలితే ఊడిన జిగురంతా ట్యాంకులోకి చేరి, ఇసుక మీద ఎర్రటి చాపలా సయనో బ్యాక్టీరియా పరుచుకుంటుంది. గొట్టంలో పెల్లెట్లు ఎసట్లో ఉడికే బియ్యంలా మెల్లగా పొర్లుతూ ఉండాలి. ఉండకట్టి ఒక మూల కదలకుండా ఉన్నాయంటే ఆ ఉండ లోపల ఆక్సిజన్ అప్పటికే లేనట్టే. పైన ఉండే స్పాంజి జిగురుతో మూసుకుపోతే ప్రవాహం తగ్గి ఇలా అవుతుంది. వేసవిలో నేను దాన్ని వారానికొకసారి కడుగుతాను.

పెల్లెట్లు పెంచాలని చేయి దురద పెట్టినప్పుడు ముందు టాప్‌అప్ నీళ్లను, అంటే ఆవిరైనదానికి బదులు పోసేవాటిని, అనుమానించండి. ఏప్రిల్ వచ్చిందంటే అపార్ట్‌మెంట్లలో బోరు ఎండుతుంది, ట్యాంకర్లు మొదలవుతాయి. ఆ నీళ్లు ఏ బోరువో మనకు తెలియదు. బోరు నీళ్లలో నైట్రేట్ ఉండటం మన దగ్గర వింతేమీ కాదు. ఉప్పు శాతం పెరిగి ఆర్ఓ పొర మీద భారం పడుతుంది, ఆర్ఓ వదిలేసిన లవణాలను పట్టే డీఐ రెజిన్ చలికాలంలో వచ్చినన్నాళ్లు రాదు. సంప్ మీద ఫ్యాన్ పెడితే రోజూ లీటర్ల కొద్దీ ఆవిరైపోతాయి, అన్ని లీటర్లూ మళ్లీ పోస్తాం. నీళ్లు ఆవిరవుతాయి కానీ వాటిలో ఉన్నది ట్యాంకులోనే పేరుకుంటుంది. డీఐ తర్వాత వచ్చే నీళ్లలో, కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ పెన్ను ముంచితే సున్నా చూపాలి. సున్నా కాకపోతే మీ నాచుకు మందు పెల్లెట్లు కాదు, కొత్త రెజిన్.

నైట్రేట్ సున్నాకు తేవడం గొప్ప అనుకునే రోజులు నాకూ ఉండేవి. పెల్లెట్లు ఫాస్ఫేట్ కన్నా నైట్రేట్‌ను త్వరగా దించుతాయి, ఎందుకంటే జిగురు పొర లోపల కొంత నైట్రేట్ నేరుగా నైట్రోజన్ వాయువై పోతుంది. నైట్రేట్ అడుగంటి ఫాస్ఫేట్ మిగిలితే సయనోకు పండగ. రెండూ అడుగంటితే పగడాలు పాలిపోతాయి, గోధుమరంగు తీగల్లా డైనోలు (డైనోఫ్లాజెల్లేట్ అనే సూక్ష్మజీవులు) వస్తాయి. నైట్రేట్ 5 పీపీఎం దగ్గర, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే నేను ఇంకేం ముట్టుకోను. ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బనేట్ల కొలత, డీకేహెచ్‌లలో చూస్తాం) కూడా 7 నుంచి 8.5 మధ్య ఉంచాలి. పోషకాలు తక్కువున్న ట్యాంకులో 11, 12 ఇచ్చే ఉప్పు వాడితే ఆక్రోపోరా పగడాల కొసలు తెల్లగా కాలిపోతాయి.

ఫ్యాన్ గురించి ఒక మాట. మే నెల పొడి ఎండలో సంప్ మీద చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దించుతుంది. అదే గదిలో ఎయిర్ కూలర్ నడిపితే గాలిలో తేమ పెరిగి ఫ్యాన్ నీళ్లను అంతగా చల్లబరచదు. ఏసీ వేసి తలుపులన్నీ బిగిస్తే గదిలో కార్బన్ డయాక్సైడ్ నిండి పీహెచ్ పడిపోతుంది. అలాంటి ఇళ్లలో స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి లాగితే సరి.

సెలవులకు ఊరెళ్తుంటే ట్యాంకు చూసే పక్కింటివాళ్లకు పాఠం చెప్పకండి. నేను రియాక్టర్ ప్లగ్ మీద తెల్ల టేపు అంటించి, "కరెంటు పోయి వస్తే దీన్ని ఆన్ చేయకండి. నాకు ఫోన్ చేయండి" అని రాసి వెళ్తున్నాను. ఎక్కువ రోజులు వెళ్లాల్సి వస్తే వారం ముందు నుంచే పెల్లెట్లు కొంచెం కొంచెంగా తీస్తాను. ఒక్కసారిగా మొత్తం తీస్తే నైట్రేట్ ఎగబాకుతుంది.

మృగశిర కార్తె రోజు ఊరంతా చేపల మార్కెట్ల దగ్గర బారులు తీరుతుంది. నేను ఆ రోజు థర్మామీటర్ ముందు కూర్చుంటాను. తేమ మొదలైతే ఫ్యాన్ పనితనం తగ్గుతుంది. బయట చల్లగా ఉందని మనం ఊపిరి పీల్చుకుంటాం కానీ, లోపల నీళ్లు 29 చూపిస్తుంటాయి. ఆ వారంలోనే నీళ్లు చల్లబరిచే చిల్లర్‌కు దుమ్ము దులిపి మళ్లీ ప్లగ్ పెడతాను.