తిన్నది ఒంటబట్టే దారి: మూడవ పాఠం, చిన్నపేగు

మొదటి పాఠంలో నోటిని, రెండవ పాఠంలో జీర్ణాశయాన్ని చూశాము. పళ్ళెంలో ఉన్న ఒక్కొక్క పదార్థాన్నీ చూపించి, అది ఎక్కడ విడిపోతుందో, ఏ రూపంలో రక్తంలో కలుస్తుందో చెప్పగలగడమే ఈ పాఠాలలో మనం అలవరచుకుంటున్న విద్య. అందులో ఈ పాఠానిదే పెద్దపీట. నోట్లో పెట్టుకున్నదీ, కడుపులోకి దిగినదీ ఇంకా దేహంలో కలిసినట్టు కాదు. చిన్నపేగు గోడ దాటినదే ఒంటబట్టినట్టు.

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఎండాకాలపు మధ్యాహ్నం తెలుగు ఇళ్ళలో కనబడే పళ్ళెం ఒకటి తీసుకుందాం. అందులో మన ఒడియా పొరుగువారు పఖాళ అని పిలుచుకునే చద్దన్నం, బొప్పాయికాయ, గుమ్మడికాయ ముక్కలు వేసి ఉడికించిన దాల్మా, నూనెలో వేయించిన చేపముక్క ఉన్నాయి. అన్నంలో పిండిపదార్థం, పప్పులోనూ చేపలోనూ మాంసకృత్తులు, వేపుడులో కొవ్వు ప్రధానం. పాఠం ముగిసేవరకు ఈ మూడింటినీ కంటిముందు ఉంచుకోండి.

ముందుగా గత పాఠం చివర ఇచ్చిన గంజి ప్రయోగం సంగతి. మూడు గాజు గ్లాసులలో పలుచని, గోరువెచ్చని గంజి పోసి, మొదటిదానిలో నీళ్ళు, రెండవదానిలో లాలాజలం, మూడవదానిలో ముందు వెనిగర్, ఆ తరువాత లాలాజలం కలపమన్నాను. ఇరవై నిమిషాల తరువాత మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్‌ను నీళ్ళతో పలుచన చేసి ఒక్కొక్క చుక్క వేస్తే, మొదటి గ్లాసు, మూడవ గ్లాసు నలుపు తిరిగిన నీలంగా మారతాయి. రెండవదానిలో ఆ నీలం రాదు, వచ్చినా బాగా వెలిసి ఉంటుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము అక్కడ పిండిపదార్థాన్ని చిన్న చక్కెరలుగా విడగొట్టింది. మూడవ గ్లాసులో ఆ పని సాగకపోవడానికి కారణం ఆమ్లం. జీర్ణాశయంలోని ఆమ్లం ముద్దలోకి ఇంకేకొద్దీ నోటి అమైలేజ్ పని ఆగిపోయేది కూడా ఇలాగే. వెనిగర్ లేదని నిమ్మరసం వాడితే ప్రయోగం తప్పుదారి పడుతుంది. నిమ్మరసంలోని విటమిన్ సి అయోడిన్ రంగునే పోగొడుతుంది కనుక, పిండిపదార్థం అలాగే ఉన్నా అది జీర్ణమైపోయిందని భ్రమపడతాము. ప్రయోగం కాగానే గ్లాసులను పారబోసి శుభ్రంగా కడగండి. వాటిలోనిది రుచి చూడవద్దు.

అంటే మన అన్నం సగంలో ఆగిన పనితో, పుల్లని జావ రూపంలో చిన్నపేగు మొదటి భాగానికి చేరుతుంది. సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే ఆ భాగమే ఆంత్రమూలం. ఆ పులుపు అలాగే ఉంటే అక్కడి ఎంజైములేవీ పనిచేయలేవు. దానిని విరిచే క్షారరసం జీర్ణాశయం వెనుక ఉండే క్లోమం అనే గ్రంథి నుంచి వస్తుంది. అయితే జావ దిగిందన్న కబురు క్లోమానికి ఎలా అందుతుంది? నరాల ద్వారానే అని చాలాకాలం నమ్మారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు ఒక కుక్క పేగులో కొంత భాగానికి వెళ్ళే నరాలను తెంచివేసి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమం రసాన్ని స్రవించింది. పేగు గోడ రక్తంలోకి విడిచిన సెక్రెటిన్ అనే పదార్థమే ఆ కబురు మోసింది. హార్మోన్ అనే మాట ఇంకా పుట్టకముందే ఒక హార్మోన్ పని ఇలా తేటతెల్లమైంది. శరీరశాస్త్రంలో ఇంత సరళమైన, ఇంత పదునైన ప్రయోగాలు అరుదని నా అభిప్రాయం.

ఇక్కడినుంచి మన పళ్ళెంలోని మూడు పదార్థాలూ మూడు దారులు పడతాయి. అన్నంలో మిగిలిన పిండిపదార్థాన్ని క్లోమరసంలోని అమైలేజ్ మళ్ళీ అందుకుని చిన్న చక్కెరలుగా చేస్తుంది. పేగు గోడ మీదనే అంటిపెట్టుకుని ఉండే మాల్టేజ్ వంటి ఎంజైములు వాటిని గ్లూకోజుగా ముగిస్తాయి. పప్పు, చేపలలోని మాంసకృత్తులను ట్రిప్సిన్ ముక్కలు చేస్తుంది. క్లోమం దీనిని పనిచేయని రూపంలోనే తయారుచేసి పంపుతుంది, పేగులోకి వచ్చిన తరువాతనే అక్కడి మరో ఎంజైము దానిని మేల్కొలుపుతుంది. ఈ ఏర్పాటు లేకపోతే క్లోమం తనను తానే జీర్ణం చేసుకుంటుంది.

వేపుడులోని నూనె నీళ్ళలో కలవదు. కాలేయం తయారుచేసే, పిత్తాశయంలో నిలవ ఉండే పైత్యరసంలో ఎంజైమంటూ ఏదీ లేదు, కానీ దానిలోని లవణాలు నూనెను అతి సూక్ష్మమైన బిందువులుగా చెదరగొడతాయి. అప్పుడే లైపేజ్ అనే ఎంజైముకు దాని మీద పట్టు దొరుకుతుంది.

ఇక శోషణ, అంటే జీర్ణమైనదానిని పేగు గోడ లోపలికి పీల్చుకోవడం. సుమారు 6 మీటర్ల పొడవున్న ఈ పేగు లోపలి గోడ, కొత్త తువ్వాలు మీది నూలుపోగుల మాదిరి, ఒక మిల్లీమీటరుకు మించని చూషకాలతో నిండి ఉంటుంది. ఒక్కొక్క చూషకం మీది కణాలకు మళ్ళీ సూక్ష్మచూషకాలుంటాయి. ఈ ఉపరితలం టెన్నిస్ మైదానమంత ఉంటుందని చాలా పుస్తకాలలో చదువుతాము. 2014లో స్వీడన్ పరిశోధకులు జాగ్రత్తగా కొలిచి చూస్తే సుమారు 30 చదరపు మీటర్లని తేలింది. గ్లూకోజు, మాంసకృత్తుల నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు చూషకాలలోని రక్తనాళాలలో చేరి నేరుగా కాలేయానికి వెళతాయి. కొవ్వు మాత్రం గోడ దాటాక తిరిగి కొవ్వుగానే కూడుకుని, రక్తం కాక శోషరసం అనే పలుచని ద్రవం పారే శోషరస నాళాల వెంట పైకి సాగి, మెడ దిగువన ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తుంది.

గ్లూకోజు గోడ దాటే తీరును ఇంకొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ప్రాణాలు నిలిపే విషయమది. పేగు కణం మీది ఒక వాహక ప్రోటీను గ్లూకోజును సోడియంతో జతగానే లోపలికి తీసుకుంటుంది, ఆ రెండింటి వెంట నీరు కూడా కదులుతుంది. 2007లో రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో వ్యాపించిన కలరా వంటి వ్యాధిలో, ఆ క్రిమి విషం వల్ల దేహంలోని నీరు పేగులోకి కుమ్మరించినట్టు పోతుంది, కానీ ఈ వాహకం మాత్రం చెడిపోదు. అందుకే ఉత్త మంచినీళ్ళు నిలవని రోగికి ఉప్పు, గ్లూకోజు తగు పాళ్ళలో కలిపిన నీళ్ళు నిలుస్తాయి. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించి, వేలమందిని దక్కించారు. ఇప్పటి ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వాటితో పాటు పొటాషియం, సిట్రేటు లవణాలు ఉంటాయి. పిల్లవాడు ఇష్టంగా తాగుతాడని పంచదార ఎక్కువ వేస్తే, ఆ చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. ప్యాకెట్ మీద ఎంత నీరు అని రాసి ఉంటే సరిగ్గా అంతే నీటిలో, ప్యాకెట్ మొత్తాన్నీ కలపండి.

వచ్చే పాఠంలోగా ఈ అభ్యాసం చేయండి. రేపటి మీ భోజనాన్ని కాగితం మీద రాసుకుని, ప్రతి పదార్థం పక్కనా మూడు సంగతులు వేయండి: దాని పని ఎక్కడ మొదలవుతుంది, ఏ రసంతో పూర్తవుతుంది, రక్తనాళంలోకి పోతుందా, శోషరస నాళంలోకి పోతుందా. ఆ తరువాత ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించండి. శస్త్రచికిత్సతో పిత్తాశయాన్ని తీసివేసిన వ్యక్తి మనం పైన వడ్డించుకున్న పళ్ళెమే తింటే, మూడింటిలో ఏది కొంత ఇబ్బంది పెట్టవచ్చు, అయినా అది పూర్తిగా జీర్ణం కాకుండా ఎందుకు ఉండిపోదు? పైత్యరసాన్ని తయారుచేసే అవయవం ఏది, నిలవ ఉంచే అవయవం ఏది అన్నది గుర్తుంటే జవాబు తడుతుంది.