మరమురేష్ పల్లెల్లో ఇళ్లను ఫొటో తీసేవాళ్లకు

రొమేనియా ఉత్తరాన మరమురేష్ పల్లెలకు వెళ్తే అందరి కెమెరాలూ చెక్కిన ఓక్ గేట్ల దగ్గరే ఆగిపోతాయి. తీయండి, కానీ మిట్టమధ్యాహ్నం వద్దు. ఎండ పక్కవాటుగా పడే పొద్దున్నో సాయంత్రమో అయితేనే ఆ పేనిన తాడు, సూర్యుడి చెక్కడాలు తేలి కనిపిస్తాయి.

ఊరి నుంచి ఇటలీ, స్పెయిన్‌లకు పనికి వెళ్లి కష్టపడినవాళ్లు కట్టుకున్న కాంక్రీటు మేడ, పాత చెక్క ఇంటి పక్కనే ఉంటుంది. అందం చెడుతుందని దాన్ని ఫ్రేములోంచి కోసేయకండి. చెక్క ఇల్లూ మేడా కలిసి ఉంటేనే అది ఇప్పటి ఊరు.

ఇంటి అవ్వ లోపలికి రమ్మంటే మాత్రం అదృష్టమే. అతిథుల కోసం ఉంచే గదిని అక్కడ ‘మంచి గది’ అంటారు: గోడల నిండా నేత పనులు, దేవుడి పటాల మీద కుట్టుపని తువ్వాళ్లు, పెళ్లి ఫొటోలు. ఫ్లాష్ వేస్తే పటాల అద్దంలో తెల్లమచ్చ పడుతుంది. ఫోన్‌ని తలుపు చట్రానికి ఆనించి, కాస్త పక్కనుంచి తీయండి. పెళ్లి ఫొటోలో ఉన్నది ఎవరని అడగండి. ఆవిడ సరేనంటే ఆ మాటలు రికార్డ్ చేసుకోండి.

ఇంటికొచ్చాక ప్రింట్ వేయించి పోస్టులో పంపండి. కొడుకు వాట్సాప్‌కి పంపితే అది అవ్వ గోడ ఎక్కదు.