రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ ఫోర్ బై ఫోర్ కొనేముందు ఏం చూడాలి?

పాత స్కార్పియో, థార్, సఫారీ కొంటున్నాం, ఒకసారి చూసిపెట్టమని అడుగుతుంటారు. తీరా వెళ్తే, వాళ్లు తెచ్చుకున్న మెకానిక్ ఆయిల్ మూత తీసి చూసి, రెండుసార్లు రేజ్ చేసి "ఇంజిన్ సూపర్ ఉంది సార్" అనేస్తాడు, అడ్వాన్స్ చేతులు మారిపోతుంది. ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్లే బండి) అని అంత డబ్బు ఎక్కువ పెడుతూ, అది అసలు పనిచేస్తుందా లేదా అని చూసేవాడే ఉండడు.

కిలోమీటర్లు ఎక్కువని బెంగ పడకండి. హైవే మీద తిరిగిన రెండున్నర లక్షలు క్వారీలో తిరిగిన లక్ష కంటే నయం. పదేళ్ల డీజిల్ బండికి మీటర్ 70 వేలు చూపిస్తే మాత్రం పెడల్ రబ్బర్లు, స్టీరింగ్, డ్రైవర్ సీటు అంచు చూడండి, అవి అబద్ధం చెప్పవు. బండి నంబర్‌తో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడిగితే ఇంకా మంచిది.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తా. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆర్‌సీ చూడండి, ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఫైనాన్స్ కొట్టేయించే ఫారం 35 చేతికొచ్చేదాకా పైసా ఇవ్వొద్దు, చలాన్లు అమ్మేవాడితోనే కట్టించండి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే కాబట్టి ఇంకెంత మిగిలిందో లెక్కేసుకోండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఢిల్లీలో 2015లో ఆంక్షలు పెట్టినప్పటి నుంచి అక్కడి బండ్లు చౌకగా ఇటు దిగుతున్నాయి. అక్కడి ఆర్‌టీవో ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఆ చౌకలో ఏం మిగులుతుందో చూసుకోండి. ఢిల్లీ బండి కొనకూడదు, అంతే.

వరద బండి కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో అందరం చూశాం. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగండి, లోపలి భాగంలో మట్టి చార ఉంటే ఇంటికొచ్చేయండి.

ఇంజిన్ పొద్దున్నే చూడాలి, చల్లగా ఉన్నప్పుడు. స్టార్ట్ చేయొద్దని ముందురోజే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి, వెచ్చగా తగిలితే అక్కడ ఏదో దాస్తున్నారు. స్టార్ట్ అయ్యాక నీలం పొగ ఆగకపోతే ఆయిల్ మండుతున్నట్టు. ఆయిల్ మూత తిప్పి అలాగే మీద వదిలేయండి, కొంచెం అదిరితే పర్లేదు, ఎగిరిపడితే ఇంజిన్ పనికి వచ్చినట్టే. ఇదంతా ఏ మెకానిక్ అయినా చూస్తాడు.

ఇక అసలు సంగతి. ఫోర్ బై ఫోర్‌ని తారు రోడ్డు మీద టెస్ట్ చేయకండి. మన దగ్గర దొరికే పాత బండ్లలో ఎక్కువ పార్ట్ టైమ్ సిస్టమ్‌వి, అంటే మామూలుగా వెనక చక్రాలతోనే (టూ హై) నడుస్తాయి, కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకీ (ఫోర్ హై) మార్చుకోవాలి. ఫోర్ హైలో ముందు, వెనక షాఫ్ట్‌లు కలిసి ఒకే వేగంతో తిరుగుతాయి, మలుపులో మాత్రం ముందు చక్రాలు ఎక్కువ దూరం వెళ్లాలి. తారు మీద టైరు జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద, చైన్ మీద పడుతుంది. బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె, అదే ట్రాన్స్‌ఫర్ కేసు, బాగున్నా దాన్ని కూడా మీరే పాడుచేసి వస్తారు. దున్నిన చేను, ఏటి ఇసుక, వదులు మట్టి ఉన్న ఖాళీ ప్లాటు, ఏదో ఒకటి చూసుకుని వెళ్లండి. "అంత దూరం ఎందుకు సార్, ఫోర్ బై ఫోర్ లైటు వెలుగుతోంది కదా" అంటాడు బ్రోకర్. లైటు వెలిగితే స్విచ్ పనిచేస్తున్నట్టు, ముందు చక్రాలు తిరుగుతున్నట్టు కాదు.

బయల్దేరే ముందు కిందికి దూరి చూడండి. ముందు చక్రాల వైపు బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ అసలు ఉందా? నవ్వకండి, మైలేజీ వస్తుందనో చప్పుడు పోతుందనో విప్పి పక్కన పెట్టేసిన బండ్లు ఉన్నాయి. ఉంటే చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి, క్రాసుల (షాఫ్ట్ చివరి జాయింట్ల) దగ్గర టకటకమంటే అరిగినట్టు. నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. స్టాక్ సైజు కంటే పెద్ద టైర్లు వేసిన బండి నేను కొనను, మీరూ కొనొద్దు.

మట్టిలోకి దిగాక ఫోర్ హై వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నడక వేగంతో గుండ్రంగా తిప్పండి. స్టీరింగ్ బిగుసుకోవాలి, బండి కాస్త పట్టేసినట్టు ఉండాలి. టూ హైకీ దీనికీ తేడా తెలియకపోతే ఫోర్ బై ఫోర్ పడలేదు. అలాంటప్పుడు ముందు చక్రాల హబ్‌లు వాక్యూమ్‌తో లాక్ అయ్యే బండిలో చిన్న రబ్బరు పైపు పగిలినా పడకపోవచ్చు, అది వందల్లో పోయే ఖర్చు. ఫోర్ బై ఫోర్ వేసే షిఫ్ట్ మోటారో ట్రాన్స్‌ఫర్ కేసో పోతే వేలల్లో. ఏదో తేలేదాకా బేరం మాట్లాడొద్దు. మొదటి తరం ఫార్చ్యూనర్ మాత్రం ఫుల్ టైమ్, అంటే ఎప్పుడూ నాలుగు చక్రాలకీ బలం వెళ్లే రకం, దానికి ముందు, వెనక షాఫ్ట్‌లని కలిపేసే సెంటర్ డిఫరెన్షియల్ లాక్ వేశాకే ఈ పరీక్ష.

తర్వాత బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, ఫోర్ లో వేయండి, అంటే నాలుగు చక్రాలకీ బలం ఎక్కువ, వేగం తక్కువ. మొదటి గేరులో యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలితే ఎద్దుబండిలా పాకాలి. ఇప్పుడు మిమ్మల్ని తొందరపెడతారు, వినకండి. ఇసుకలో కొంచెం పైకి ఎక్కించండి, ఒక మనిషిని పక్కగా, దూరంగా నిలబెట్టి ముందు చక్రాలు ఇసుక చిమ్ముతున్నాయో లేదో చూడమనండి. తర్వాత దిగువకి వస్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి వదలండి. లివర్ దానంతటదే బయటికి దూకినా, లాగేటప్పుడు కింద టక్ టక్ మని కొట్టినా లోపల గేర్లు గానీ చైను గానీ అరిగిపోయినట్టు. రిపేరు ఖర్చు ముందే రేటులో తగ్గించుకోండి, లేదంటే వదిలేయండి. టూ హైకి వచ్చేటప్పుడు వెంటనే విడవకపోతే నాలుగు అడుగులు రివర్స్ తీయండి, బలవంతంగా లాగొద్దు.

వచ్చేముందు, ముందు చక్రాల మధ్యనున్న డిఫరెన్షియల్ ఫిల్లర్ బోల్టు విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ పాల రంగులో ఉంటే నీళ్లు చేరాయి, ఏ వాగులోనో దించి ఉంటారు.

డబ్బు పెట్టి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు తీసుకున్నామంటారు కొందరు. పేజీలకు పేజీలు ఫొటోలు, ఏసీ చల్లదనం, స్పీకర్లు అన్నీ ఉంటాయి. ఫోర్ లో వేసి చూశారా అని అడగండి.

అన్నీ బాగుంటే పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకోండి. బండి ఇంటికి రాగానే ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియల్స్, అన్ని ఆయిళ్లూ మార్చండి. ఫార్చ్యూనర్ మూడు లీటర్ల ఇంజిన్ అయితే టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు చూపించమనండి, బిల్లు లేకపోతే మార్చలేదనుకుని అదే వారం వేయించేయండి.