చలివేంద్రం వానలు పడేదాకా నడవాలంటే

ఊరుకాని ఊళ్లో, ముక్కూమొహం తెలియనివాళ్లు పెట్టిన కుండలో గ్లాసుడు నీళ్లు తాగనివాళ్లు మన దగ్గర అరుదు. పెట్టినవాళ్లెవరో తెలియదు గనక ఆ బాకీ ఇంకో బాటసారికే తీర్చాలి. అందుకు చలివేంద్రం మంచి దారి, కాకపోతే మొదలుపెట్టడమే తేలిక. ఉగాదికి ఫ్లెక్సీ కట్టి, రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు దిగాక, రోహిణి కార్తె నాటికి ఖాళీ కుండలు మిగిలే చలివేంద్రాలే ఎక్కువ. ముందు లెక్క వేసుకోండి.

మనిషికి 250 మిల్లీలీటర్లు అనుకుంటే 400 మందికి 100 లీటర్లు. సీసా నింపుకునేవాళ్లు, మొహం కడుక్కునేవాళ్లు ఉంటారు, వాళ్లని కసరకూడదు. ఇంకో సగం కలిపితే 150 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు రోజుకు ఎనిమిది. ఏప్రిల్ 1 నుంచి జూన్ 10 దాకా 71 రోజులు, మొత్తం 568 క్యాన్లు. అన్ని క్యాన్లకు డబ్బూ, అన్ని రోజులకు మనిషీ కుదరరనిపిస్తే నాలుగు క్యాన్లతోనే పెట్టండి. చిన్నదైనా రోజూ ఉంటుందన్న నమ్మకం ఉంటేనే ఆటోవాళ్లూ కూలీలూ దాన్ని లెక్కలో పెట్టుకుని ఇంటినుంచి బయల్దేరతారు.

చోటు ఎంచుకునేటప్పుడు పొద్దున కాదు, మధ్యాహ్నం రెండింటికి వెళ్లి నీడ ఎటు పడుతోందో చూడండి. ఎండ ఆపైన పడమటి నుంచి కొడుతుంది కాబట్టి ఆ వైపు తడిక తప్పనిసరి, పైన తాటాకు పందిరి. పక్కన మురుగు కాలువ ఉండకూడదు. పంచాయతీకో మున్సిపాలిటీకో, వెనకున్న దుకాణం వాళ్లకో ముందే చెప్పండి.

కొత్త కుండను ఒక రోజంతా నీళ్లు నింపి నానబెట్టి, ఆ నీళ్లు పారబోయాలి, లేకపోతే మట్టి వాసన వస్తుంది. కుండ చల్లబడేది ఒంటికి పట్టిన చెమ్మ ఆరడం వల్ల. అందుకే గాలి తగిలే చోట, తడి ఇసుక మీద పెట్టి, చుట్టూ తడి గోనెపట్టా కట్టండి. కోస్తాలో ఉక్కపోతగా ఉన్నరోజు అంతగా చల్లబడదు, అది కుండ తప్పు కాదు. నింపగానే చల్లని నీళ్లు రావు గనక రెండు జతల కుండలు ఉంచుకోండి. రాత్రి నింపినవి పొద్దున వాడాలి, పొద్దున నింపినవి మధ్యాహ్నానికి. రద్దీ పన్నెండు నుంచి మూడు దాకా, ఖాళీ అయ్యేదీ అప్పుడే.

కుండను రోజూ కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. సబ్బు వద్దు, మట్టి దాన్ని పీల్చేస్తుంది. కొన్ని వారాలకు ఉప్పు తేలి రంధ్రాలు మూసుకుపోతే నీళ్లు వెచ్చగానే ఉంటాయి, ఆ కుండ మార్చేయాల్సిందే. ట్యాంకు నీళ్లు వాడితే 1000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ మగ్గులో కలిపి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేట మాత్రం పోయండి. గంట ఆగి వాడాలి. తెరిచిపెట్టిన పాత సంచిలో పౌడర్‌కు పస ఉండదు.

కుండలో గ్లాసు ముంచనివ్వకండి. పొడుగు కాడ గరిటెతో మీ మనిషే పోయాలి. ఎత్తిపోసుకుని తాగడం మనవాళ్లకు అలవాటే, స్టీలు గ్లాసులు చాలు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసుల మీద 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. చేపల మార్కెట్‌కు వెళ్లే ఐసు గడ్డ ఏ నీళ్లతో చేస్తారో తెలియదు, దాన్ని నీళ్లలోగానీ మజ్జిగలోగానీ వేయొద్దు.

మజ్జిగ ఇవ్వాలనుకుంటే లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల తాగునీళ్లు, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు. ఎండలో త్వరగా పులుస్తుంది, రెండు గంటల్లో అయిపోయేంతే కలపండి. రోజూ ఇవ్వలేకపోతే వారానికోసారి ఇవ్వండి, నీళ్లు మాత్రం ఆపకండి. ఓఆర్ఎస్ పొట్లాలు కొన్ని దగ్గరుంచుకోండి. పెద్ద పొట్లం లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, మిగిలింది మర్నాటికి పనికిరాదు. ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బ అనుకోండి. నీడలో పడుకోబెట్టి, ఒళ్లు తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"ఎంతివ్వమంటావు బాబూ?" అని అడిగే పెద్దవాళ్లు ఉంటారు. హుండీ పెట్టకండి. డబ్బా కనబడితే జేబులో చిల్లర లేనివాడు ఆగడు, దాహం ఎక్కువ ఉండేది వాళ్లకే. "ఏమొద్దు పెద్దాయనా, మీ ఊళ్లో ఒక కుండ పెట్టించండి" అనండి. ఇవ్వాల్సిందేనని పట్టుబడితే క్యాన్ల షాపులో ఒక రోజు బిల్లు నేరుగా కట్టమనండి, మీ చేతికి డబ్బు వద్దు. తాగేవాళ్ల ఫొటోలు కూడా వద్దు. రోజుకు ఒకరి పేరు, ఫోన్ నంబరు, వాళ్లు రాకపోతే వచ్చే ఇంకొకరి పేరు రాసిన కాగితం మీ దగ్గర ఉండాలి. ఆ రెండో పేరు లేకపోవడం వల్లే ఎక్కువ చలివేంద్రాలు మే మధ్యలో ఆగిపోతాయి.

తొలకరి పడ్డాక కుండలు కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, బోర్లించి దాచండి. పగుళ్లు పట్టినవాటిని వచ్చే ఏడాదికి ఉంచొద్దు. మూతలు, గరిటెలు, ఆ పేర్ల కాగితం కలిపి వచ్చే ఏడాది నడిపేవాళ్లకు ఇప్పుడే అప్పజెప్పండి.