బుల్లి కోడిపిల్లల్లో పుంజేదో పెట్టేదో తెలియాలంటే

బాంటమ్ అని అమ్ముతారు కదండీ, పెద్దయినా చాలామటుకు కిలో లోపే ఉండే బుల్లి కోళ్ళు, వాటి పిల్లల్ని తెచ్చుకున్నోళ్ళు మొదటిరోజే అడిగేది ఇందులో పుంజులెన్ని పెట్టలెన్ని అని. కోలగా ఉన్న గుడ్డులోంచి పుంజు వస్తుందని, కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీస్తే తెలిసిపోతుందని మా కోనసీమలో ఇంకా చెప్తారు, నమ్మకండి, పిల్లని అలా వేలాడదీయొద్దు దయచేసి. రెక్క ఈకల పొడవు చూసి చెప్పడం నిజమే గానీ దానికోసమే కలిపిన జాతుల్లోనే పనిచేస్తుంది.

ముందు బతికించుకోండి. మొదటివారం 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, తర్వాత వారానికో 3 డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి, థర్మామీటర్ లేకపోయినా పర్లేదు, బల్బు కింద ఒకదాని మీదొకటి పడి కీచుమంటుంటే చలి, దూరంగా పోయి నోరు తెరిచి ఆయాసపడుతుంటే వేడి ఎక్కువైనట్టు. కింద వరి ఊక పరవండి, మనకి మిల్లుల దగ్గర దొరుకుతుంది, కానీ ఇక్కడ వానాకాలం గాలే తడి, తడిసిన ఊక అలాగే ఉంచితే కాక్సిడియా అనే పేగుల రోగం వచ్చి రెట్టలో రక్తం పడుతుంది, చిన్నపిల్లలు రెండ్రోజుల్లో పోతాయి. అందుకే తడిసిన చోట తీసి పొడి ఊక వెయ్యండి. ఒట్టి నూకలు చాలవు, చిక్ స్టార్టర్ మేత పెట్టండి. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వెయ్యండి, ఇంత చిన్నవి మునిగిపోతాయి. కొక్కెర తెగులుకి వారం లోపే లసోటా అనే టీకా చుక్కలు వేయించండి. బయట వదిలితే మీరు పక్కనే ఉండాలి, లేదంటే గంప కింద ఉంచండి, గద్ద ఎప్పుడొస్తుందో తెలీదు.

ఇక పుంజా పెట్టా అన్నది ఐదారు వారాలకి కొంచెం అర్థమవుతుంది. పుంజుపిల్లకి నెత్తిమీద జుట్టు ముందే లావై ఎర్రబడుతుంది, కాళ్ళూ దుక్కగా ఉంటాయి, పెట్టది పాలిపోయి చిన్నగానే ఉంటుంది. అయినా అప్పుడే తేల్చకండి, మూడోనెలలో తోకకి ముందు, నడుం మీద ఈకలు చూడండి, సన్నగా మొన తేలి మెరుస్తూ కిందకి జారుతుంటే పుంజు, కొస గుండ్రంగా ఉంటే పెట్ట, నేను నమ్మేది ఇదే. ఈకలు దూదిలా మెత్తగా ఉండే సిల్కీ జాతి కోళ్ళకి మాత్రం ఇదీ తేలిగ్గా కనపడదు, మా పాప మల్లి అని పేరెట్టుకున్న తెల్లపిల్ల ఐదోనెలలో కూసింది, అప్పుడు తెలిసింది.

రెండు పుంజులు తేలితే ఎదిగాక కొట్టుకుంటాయి, వేరే గూళ్ళు కట్టండి. ఎవరికైనా ఇవ్వాల్సొస్తే పెంచుకోడానికేనా అని అడిగి ఇవ్వండి, సంక్రాంతి దగ్గరపడ్డాక అయితే మరీనూ.