టేక్ అనే ఇంగ్లీషు క్రియని తికమక లేకుండా ఎలా వాడాలి?

మా పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే ఇంగ్లీషు, మూడూ ఒకే నోట్లోంచి రావాలి, అందుకే పెద్ద పెద్ద మాటలు బాగానే నేర్చుకున్న పిల్లలు కూడా టేక్ లాంటి చిన్న క్రియ దగ్గర తడబడతారు. టేక్ అంటే తీసుకొను అని బట్టీ పట్టేస్తారు, గొడవంతా అక్కడే మొదలు.

ముందుగా రూపాలు: టేక్, టుక్, టేకెన్. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ వెనకాల టేకెన్ మాత్రమే వస్తుంది, ఐ హ్యావ్ టుక్ అనకూడదు. పైకి నాలుగుసార్లు చదివితే అదే వచ్చేస్తుంది.

రెండోది, దిక్కు చూసుకోండి. మన దగ్గర్నుంచి అవతలికైతే టేక్, అవతల్నుంచి మన దగ్గరికైతే బ్రింగ్. తెలుగులో తీసుకెళ్ళు, తీసుకురా ఉన్నాయి, ఒడియాలో నేబా, ఆణిబా ఉన్నాయి, కాబట్టి ఇది మనకి కొత్తేం కాదు. పాతపట్నంలో ఉన్న పిన్నికి అరిసెల డబ్బా పంపిస్తూ తమ్ముడితో అనేది టేక్ దిస్ టు పిన్ని, ఆవిడ ఫోన్ చేసి వాడితో అనేది బ్రింగ్ సమ్ మోర్.

మూడోదే అసలు పని. టేక్‌ని ఒంటరిగా నేర్చుకోకండి, పక్కనున్న మాటతో కలిపి జతగా నేర్చుకోండి. పరీక్షనే చూడండి: తెలుగులో మనం పరీక్ష రాస్తాం, ఒడియాలో పరీఖ్యా దేబా అంటారు అంటే పరీక్ష ఇస్తారు, ఇంగ్లీషులో మాత్రం కూర్చుని రాసే పిల్లాడే ఎగ్జామ్ టేక్ చేస్తాడు. మనవాళ్ళు ఐ గేవ్ ది ఎగ్జామ్ అనేస్తారు కదా, అది ఇక్కడ చెల్లుతుంది గానీ బయట దేశం వాడు వింటే వీడు పరీక్ష పెట్టిన మాస్టారేమో అనుకుంటాడు. అలాగే టేక్ ది టాబ్లెట్ అంటే మాత్ర వేసుకో, టేక్ ఎ ఫోటో అంటే ఫోటో తియ్యి, టేక్ ఎ సీట్ అంటే కుర్చీ పట్టుకుపొమ్మని కాదు, కూర్చోమని. టేక్ ది గుణుపురం ట్రైన్ అంటే ఆ రైల్లో వెళ్ళు అని, మెట్టు మీద కాలు పెట్టి ఎక్కడానికైతే గెట్ ఆన్ అనాలి. టేక్ ఎ బాత్‌లో ఆ ఎ వదిలెయ్యకండి.

నాలుగోది టైం. ఇట్ తో మొదలుపెట్టి, టేక్ పెట్టి, ఎవరికో చెప్పి, ఎంతసేపో చెప్పాలి: ఇట్ టుక్ మీ త్రీ అవర్స్ టు రీచ్ బరంపురం. నాకు మూడు గంటలు పట్టింది, అంతే.

ఆ పట్టింది అన్న మాట దగ్గర కాస్త ఆగండి, ఎందుకంటే టేక్ పుట్టుక కూడా అదే. ఇది పుట్టు ఇంగ్లీషు మాట కాదు. 793లో ఇంగ్లాండులోని లిండిస్‌ఫార్న్ మఠం మీద పడ్డ వైకింగులు, అంటే ఉత్తరాది నుంచి ఓడల్లో వచ్చిన దోపిడీగాళ్ళు, తర్వాతి శతాబ్దంలో ఇంగ్లాండు ఉత్తరాన, తూర్పున కాపురాలే పెట్టేశారు. వాళ్ళ నార్స్ భాషలో టాకా అంటే పట్టుకోవడం, అది పొరుగిళ్ళ మాటల్లో కలిసిపోయి సుమారు 1100 నాటికి ఇంగ్లీషు రాతల్లోకి ఎక్కింది. నైఫ్, స్కై, విండో, ఆఖరికి వాళ్ళు అని చెప్పే దే కూడా అక్కడ్నుంచి వచ్చినవే (పక్కవాడి సర్వనామం కూడా లాగేసుకున్నారంటే చూడండి). అంతకు ముందు ఇంగ్లీషువాళ్ళకి నిమన్ అనే సొంత మాట ఉండేది, జర్మన్‌లో నేమెన్ దాని చుట్టమే. అది మెల్లగా చచ్చిపోయింది, కొన్నాళ్ళు దొంగల భాషలో నిమ్ అంటే కొట్టెయ్యడం అన్న అర్థంతో బతికింది. దాని బిడ్డ నంబ్ (తిమ్మిరెక్కిన) ఇప్పటికీ ఉంది, అసలు అర్థం పట్టుబడినది అని. మనకీ తిమ్మిరి పట్టిందనే కదా అంటాం. అందుకే టేక్ ఎక్కడైనా అర్థం కాకపోతే తీసుకొను పక్కన పెట్టి పట్టు పెట్టి చూడండి, టేక్ హోల్డ్ లాంటివి చాలావరకు తేలిపోతాయి.

ఇక టేక్ ఆఫ్, టేక్ ఓవర్, టేక్ ఆఫ్టర్ లాంటి జంటలు మిగిలాయి. విమానం లేచినా టేక్ ఆఫే, చెప్పులు విప్పినా టేక్ ఆఫే, పిల్లది మేనత్త పోలికైతే టేక్ ఆఫ్టర్, షాపు బాధ్యత చేతికి తీసుకుంటే టేక్ ఓవర్. ఇవి లిస్టు చూసి బట్టీ పడితే నిలవవు, చదివినప్పుడు ఏది ఎదురైతే దాన్ని మీ ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టి ఒక వాక్యంగా రాసి పెట్టుకోండి.