మాల తీశాక 42వ రోజు: మందు మానే మీటింగులకు మొదటిసారి వెళ్లేవాళ్లకు

మా అనంతపురంలో మందు మానాలనుకున్న మగాడు చాలాసార్లు మొదట చేసేది అయ్యప్ప మాల వేసుకోవడం. 41 రోజులు చుక్క ముట్టడు, ఇంట్లో ఆడవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటారు, కొండకు పోయొచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు. నేను వరుసగా మూడేళ్లు అదే చేశాను. మాలలో తప్పేం లేదు. ఆ 41 రోజులూ గురుస్వామి ఉంటాడు, తోటి స్వాములుంటారు, 42వ రోజు పక్కన ఎవరూ ఉండరు. ఆ 42వ రోజు నుంచి పక్కన ఉండే మనుషులు నాకు దొరికింది ఏఏ అనే మందు మానేవాళ్ల మీటింగుల్లోనే.

దానికంటే ముందు ఒక జాగ్రత్త. పొద్దున్నే కొంచెం పడితే గానీ చేతుల వణుకు ఆగని స్థితిలో ఉంటే ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానేయొద్దు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు లేని మనుషులు కనపడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం మొదలవ్వొచ్చు, ప్రాణం మీదికి వచ్చే సంగతి అది. అనంతపురం, కర్నూలు పెద్దాసుపత్రుల్లోనూ కడప రిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగం ఉంది, ముందు అక్కడ చూపించుకోండి. అప్పటికే ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని అక్రాన్ అనే ఊళ్లో తాగుడుకు బానిసలైన ఇద్దరు, ఒకాయన షేర్ల వ్యాపారి, ఇంకొకాయన డాక్టరు, ఒకరికొకరు తోడుగా ఉండి మానడంతో మొదలైంది. ఇప్పటికీ పద్ధతి అదే, తాగి మానినవాడు తాగుతున్నవాడితో మాట్లాడటం. ఫీజు లేదు. మానాలనే కోరిక ఒక్కటే అర్హత.

మీటింగు ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో చూడండి, లేదా ఆసుపత్రి మానసిక విభాగంలో కౌన్సెలర్‌ను అడగండి. మత్తు సమస్యలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన 14446కు, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, రెండూ ఉచితమే. నంబరు దొరికాక నేరుగా వెళ్లిపోకండి, ఫోన్ చేయండి, ఎందుకంటే ఏఏకి సొంత బిల్డింగులు ఉండవు, చర్చి హాల్లోనో బడి గదిలోనో ఆసుపత్రి గదిలోనో జరుగుతుంటాయి, చోటూ టైమూ మారుతుంటాయి. "నాకు మందు సమస్య ఉందన్నా, మీటింగు ఎక్కడ?" అంటే చాలు. ఆ ఒక్క మాట అనలేక నేను మూడుసార్లు ఫోన్ చేసి, రింగ్ అవ్వకముందే కట్ చేశాను. నాలుగోసారి అవతలాయన "రాప్పా, నేను గేటు దగ్గర నిలబడుంటా" అన్నాడు. మీరూ అలాగే గేటు దగ్గర ఎవరైనా ఉంటారా అని అడగండి, ఆ గేటు దాటడమే అన్నిటికంటే కష్టం.

చర్చిలో జరిగినంత మాత్రాన మతం మార్చే పని కాదు. దేవుడి మాట వస్తుంది, కానీ ఎవరి దేవుడు వాళ్లకే.

లోపల సుమారు గంట, గంటన్నర. చిన్న ప్రార్థన, కొంచెం చదవడం, తర్వాత ఒక్కొక్కరు తమ కథ చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డం రారు, సలహాలివ్వరు. మీ వంతు వస్తే "ఈరోజు వింటాను" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. చందా పెట్టె తిరుగుతుంది, వేయకపోయినా ఫరవాలేదు. చేరడానికి ఇంత కట్టాలని ఎవరైనా అడిగితే అది ఏఏ కాదు. కొన్ని మీటింగులు అందరికీ, కొన్ని తాగుడు సమస్య ఉన్నవాళ్లకే, కాబట్టి భార్యనో అన్ననో తోడు తీసుకెళ్లేముందు ఏ రకమో కనుక్కోండి.

తెలిసినవాళ్లు కనపడితే పరువు పోతుందని భయమా? ఆ కుర్చీలో ఆయనా అదే పని మీద కూర్చున్నాడు. అక్కడ విన్నది అక్కడే వదిలేయడం అందరూ పాటించే నియమం. నాకైతే మా వీధాయనే కనపడ్డాడు, ఆ రాత్రి ఆయన బండి మీదే ఇంటికి వచ్చాను.

ఒక్కసారికే నచ్చలేదని మానేయకండి, కనీసం ఆరు మీటింగులు చూడండి. రెండు మూడు ఫోన్ నంబర్లు తీసుకోండి, తాగాలనిపించినప్పుడు ఫోన్ చేయడానికే అవి. డాక్టరు రాసిన మాత్రలు ఎవరో చెప్పారని ఆపకండి. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో ఉండి రాత్రి బస్సు దొరకనివాళ్లకు ఆన్‌లైన్ మీటింగులున్నాయి, మాట్లాడకుండా వినొచ్చు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మజ్జిగలోనో కూరలోనో తెలియకుండా మానిపించే మందు కలపకండి అక్కా, డైసల్ఫిరామ్ అనే ఆ మందు కడుపులో ఉండగా తాగితే మనిషి చనిపోవచ్చు కూడా. మీ కోసం, తాగేవాళ్ల ఇంట్లోవాళ్లు కలిసి మాట్లాడుకునే అల్-అనాన్ ఉంది, 1951లో మొదలైంది, ఆయన రాకపోయినా మీరు వెళ్లొచ్చు.

మధ్యలో తాగేస్తే, పెళ్లిలోనో దినాల్లోనో జరుగుతుంది, తర్వాత మీటింగుకే వెళ్లండి. ఐదు నెలలకు నాకలా జరిగింది. తలొంచుకుని వెనక కూర్చుంటే గేటు దగ్గర నిలబడ్డ ఆయనే టీ గ్లాసు చేతికిచ్చి, "ఈరోజు ఒకటో రోజు" అన్నాడు.